గండికోట లోయ నడక: దారి చూపిన మనిషికి ఐదుకు ఐదు మార్కులు, ఏర్పాట్లకు రెండు

జమ్మలమడుగు కేంద్రంగా పనిచేసే ఒక చిన్న బృందం గండికోట లోయ నడకనూ బెలుం గుహల సందర్శననూ కలిపి రెండు రోజుల యాత్రగా నిర్వహిస్తోంది. డిసెంబరు రెండో వారంలో నేను, మా బావమరిది, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి అనంతపురం నుంచి వెళ్లి ఆ యాత్ర చేసి వచ్చాము. మనిషికి రూ. 2,800 తీసుకున్నారు. గుడారంలో బస, రెండు పూటల భోజనం, ఒక పూట ఉపాహారం, గైడ్ రుసుము, గండికోట నుంచి బెలుంకూ అక్కడి నుంచి తాడిపత్రికీ వాహనం అందులోనే ఉన్నాయి; గుహల టికెట్టు మాత్రం ఎవరిది వారే కొనుక్కోవాలి. మాకు దారి చూపిన యువకుడు గండికోట ఊరివాడే. అతడు లేకపోయి ఉంటే ఈ సమీక్ష ఇంత నెమ్మదిగా మొదలయ్యేది కాదు.

ముందు ప్రకటన సంగతి చెప్పాలి. లోయ అడుగున పెన్న వెంట నాలుగు కిలోమీటర్ల నడక అని వాళ్లు పంపిన వివరాల్లో స్పష్టంగా రాసి ఉంది. కోటను మేము ఇదివరకు రెండుసార్లు చూశాము కాబట్టి ఈసారి వెళ్లింది ఆ నాలుగు కిలోమీటర్ల కోసమే. తీరా కోట అంచున నిలబడి కిందికి తొంగి చూస్తే ఈ దరి నుంచి ఆ దరి దాకా ఆకుపచ్చని నీళ్లే తప్ప కాలు మోపడానికి నేల కనిపించలేదు. అది నిర్వాహకులు ఊహించలేని విషయం కాదు. ఈ గండికి ఎగువన 26.85 టీఎంసీల సామర్థ్యంతో కట్టిన గండికోట జలాశయం ఉంది, దిగువన మైలవరం జలాశయం ఉంది. రెండింటి నడుమ ఇరుకున పడిన ఈ లోయలో నీరు ఎంత మట్టున నిలుస్తుందన్నది ఇప్పుడు వానలు ఒక్కటే తేల్చే విషయం కాదు, ఆనకట్టల గేట్లు కూడా తేలుస్తాయి. జలాశయాలు నిండిన ఏడాది డిసెంబరులో లోయ అడుగున నడక సాధ్యం కాదని ఊళ్లో ఏ గొర్రెల కాపరిని అడిగినా చెబుతాడు. డబ్బు కట్టించుకునే ముందు ఆ మాట మాకు ఎవరూ చెప్పలేదు. నాలుగు కిలోమీటర్ల నడక కాస్తా నీటి అంచున బండల మీదుగా కిలోమీటరున్నర పాకులాటగా మారింది. రుసుములో మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు.

రెండో లోపం వేళ పాటించకపోవడం. ఉదయం ఆరున్నరకు కోట ముఖద్వారం దగ్గర ఉండమన్నారు. మేము ముందురోజు రాత్రే జమ్మలమడుగు చేరి పడుకుని, తెల్లవారకముందే ఆటో మాట్లాడుకుని ఆరుంబావుకు అక్కడ నిలబడితే, మిగిలిన ఎనిమిది మందిని ఎక్కించుకున్న వాహనం ఎనిమిదీ నలభైకి వచ్చింది. డిసెంబరు కాబట్టి సరిపోయింది. మార్చి దాటితే ఆ రెండు గంటల తేడా చాలా ప్రమాదకరం, ఎందుకంటే ఎండెక్కిన తరువాత ఆ బండలు కాల్చిన పెనంలా ఉంటాయి, దిగే దారిలో నీడనిచ్చే చెట్టు అరుదు.

ఇక అసలు నడక. కిందికి దారి అంటే మెట్లూ కమ్ములూ ఉన్న దారి అనుకోకూడదు. వానాకాలంలో కోట మీది నీళ్లన్నీ పెన్నలోకి జారిపోయే ఒక వంకే మాకు దారి అయింది. మనిషంత, గదంత గుండ్లు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. కొన్నిచోట్ల కూర్చుని జారాలి, కొన్నిచోట్ల వెనక్కి తిరిగి నిచ్చెన దిగినట్టు దిగాలి. ఎటు దిగాలో తెలియక మేము ఆగినప్పుడల్లా మా గైడ్ ఒకటే మాట అన్నాడు: “నీళ్లు పోయిన దావనే పోవల్ల సార్, నీళ్లు దావ తప్పవు.” మొదట అది యాత్రికుల కోసం దాచిపెట్టుకున్న మాట అనుకున్నాను. అరగంట గడిచేసరికి అది నిజంగా అతడి లెక్క అని అర్థమైంది: బండ నున్నగా అరిగి ఉన్న పక్కకు అతడు వెళ్లేవాడు కాదు, నీళ్లు పక్కకు తోసిన గులకా ఇసుకా పేరుకున్న చోట్లను వెతుక్కుంటూ, కాలు గట్టిగా నిలిచే అంచు మీదుగా మమ్మల్ని దింపేవాడు.

అతడు మూడు చోట్ల మమ్మల్ని ఆపాడు, ఆ మూడు చోట్ల కోసమే ఈ నడక చేయవచ్చని నా అభిప్రాయం. మొదటిది ఒక పలక బండ. దాని మీద ఒకదాని వెంట ఒకటిగా సన్నని గీరలు, చెరువు అంచున తడి ఇసుక మీద అల వెనక్కి వెళ్లాక మిగిలే గీతల్లాగే ఉన్నాయి. అవి నిజంగా అలల గుర్తులే. ఈ కొండ అంతా ఒకప్పుడు లోతు లేని సముద్రపు ఇసుక. అది పొరలు పొరలుగా పేరుకుని, పైబరువుకు గట్టిపడి, ఇసుక రేణువుల మధ్య సందు లేకుండా అతుక్కుని క్వార్ట్‌జైట్ శిల అయింది. వయసు వంద కోట్ల ఏళ్లకు ఎప్పుడో పైబడింది. మా అమ్మాయి ఆ గీరల మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు తీయలేదు. ఇక్కడ నేను ఒక మాట చేర్చాలి, ఎందుకంటే గైడ్‌కు ఇది ఎవరూ చెప్పినట్టు లేదు: భూగర్భ శాస్త్రంలో ఈ పొరకు గండికోట క్వార్ట్‌జైట్ అనే పేరు స్థిరపడి ఉంది. కడప శిలాశ్రేణుల్లో చిత్రావతి వర్గం అని ఒకటి ఉంది. అందులో అడుగున పులివెందుల పేరుతో ఒక పొర, దాని మీద తాడిపత్రి పేరుతో మరొకటి, అన్నిటికీ పైన గండికోట పొర వస్తాయి. పొద్దున లేస్తే మనం బస్సు బోర్డుల మీద చదివే ఊళ్ల పేర్లు రాళ్ల గ్రంథాల్లో వరుసగా కనిపించడం నాకు ఇప్పటికీ ముచ్చటగానే ఉంటుంది. అలాంటప్పుడు వాళ్ల వివరాల కాగితంలో దీన్ని ‘ఎర్ర గ్రానైట్ లోయ’ అని రాయడం పొరపాటు. గ్రానైట్ కరిగిన శిల గడ్డకట్టి పుట్టేది. దాని మీద అలల గీతలు పడవు. సరిచేయడానికి అచ్చు ఖర్చు తప్ప మరేమీ కాదు.

రెండో చోట గోడ నిట్టనిలువుగా లేచి ఉంటుంది. లోయ గోడలు ఎవరో పలకలు పేర్చి కట్టినట్టు ఎందుకుంటాయన్నది అక్కడ కళ్లకు కడుతుంది. పొరల మధ్య అడ్డగీతలు సహజంగా ఉన్నవే; వాటిని కోస్తూ పై నుంచి కింది దాకా నిలువు పగుళ్లు ఉన్నాయి. నది అడుగున తొలిచినప్పుడు ఆసరా పోయిన బండ ఆ పగులు వెంట విడిపడి, ఇటుక ఊడినట్టు మొత్తంగా కిందికి పడిపోతుంది. మిగిలిన గోడ వాలుగా కాకుండా నిలువుగానే ఉంటుంది. పడిన బండలను వరదలో వచ్చే ఇసుకా గులకరాళ్లూ ఆకురాయిలా రాపాడి ముక్కలు చేస్తాయి. నీళ్లు ఒంటరిగా రాతిని కోయవు, మోసుకొచ్చిన రాళ్లతోనే కోస్తాయి. మూడో చోట చూపిన గుండం దానికి సాక్ష్యం: నీటి అంచున ఒక బండలో రోలు తవ్వినట్టు నున్నని గుండ్రని గుంత, అడుగున గోలీల్లా అరిగిన నాలుగైదు గులకరాళ్లు. వరద సుడి తిరిగినప్పుడల్లా ఆ రాళ్లు తిరిగి తిరిగి ఆ గుంతను లోతు చేశాయి. ఎన్ని వరదలకు అంత లోతు వచ్చిందో లెక్క వేయడం మొదలుపెట్టిన మా బావమరిది, పెన్న ఏడాదిలో ఎన్నాళ్లు పారుతుందో గుర్తొచ్చి మధ్యలోనే మానేశాడు.

గోడ మీద రెండు రకాల గీతలు ఉన్నాయని కూడా గైడే చూపించాడు. కింద ఒకే మట్టున సాగిన లేత తెల్ల గీత ఆనకట్టల నీరు నెలల తరబడి నిలిచినప్పటిది. దాని కంటే పైన, పగుళ్లలో ఇరుక్కున్న ఎండుపుల్లలూ గుడ్డ పేలికలూ వరద ఒక్కరోజు ఎక్కి దిగిపోయినప్పటివి. “ఈ గీత సూసి ఇంతేలే అనుకుంటారు పాపా, ఆ పుల్లలు సూసి బయపడల్ల,” అని మా అమ్మాయితో అన్నాడు. నంది కొండల దగ్గర పుట్టి 597 కిలోమీటర్లు పారి నెల్లూరు జిల్లాలో సముద్రంలో కలిసే ఈ నదికి సగం బతుకు ఎండిన ఇసుకే. అనంతపురం జిల్లాలో చెలమలు తవ్వుకుని నీళ్లు తోడుకున్న తరానికి పెన్న అంటే నీళ్ల కంటే ముందు ఇసుక గుర్తుకొస్తుంది. అయినా ఎర్రమల కొండ అడ్డొస్తే చుట్టుకు పోక చీల్చుకుని పోయింది. గండి అనే మాటకు ఇంతకంటే పెద్ద అర్థం చెప్పనక్కరలేదు. వేంపల్లి దగ్గర పాపఘ్ని కొండను చీల్చిన చోటును, వీరాంజనేయస్వామి గుడి ఉన్న చోటును, మన వాళ్లు ఉత్త ‘గండి’ అని పిలవడంలోనూ అదే చూపు ఉంది. దీన్ని భారతదేశపు గ్రాండ్ కేనియన్ అని ప్రతి చోటా రాయడం నాకు నచ్చదు. అమెరికాలోని ఆ లోయ పొడవు సుమారు 446 కిలోమీటర్లు, లోతు 1,600 మీటర్లకు పైనే. మన గండి లోతు దాదాపు 300 అడుగులు. పెద్దదాని పేరు అరువు తెచ్చుకుంటే చూసేవాడు కొలత వేసి నిరాశ పడతాడు, దీని పేరుతోనే చూస్తే నోరు తెరుస్తాడు.

భద్రత విషయంలో నేను మెతకగా రాయలేను. పదకొండు మందికి ఒక్కడే గైడ్. తాడు ఒకటి ఉంది, అది అతడి సొంతం. తలకు టోపీలాంటి రక్షణ ఏదీ ఇవ్వలేదు, పై నుంచి చిన్న రాయి జారినా కింద ఉన్నవారికి తగిలే దారి అది. నీటి దగ్గరకు చేరాక, మనిషికి రూ. 150 అదనంగా ఇస్తే పుట్టిలో అవతలి దరికి తీసుకెళతామని మరొకరు వచ్చి అడిగారు. లైఫ్ జాకెట్లు మూడు ఉన్నాయి. ఒకదానికి బిగించే పట్టీ తెగిపోయి ఉంది. మేము ఎక్కలేదు. మా గైడ్ గట్టిగా ఏమీ అనలేదు గానీ, పిల్లలున్నారు వద్దులే అన్నా అని అతడితో తగ్గు గొంతుతో చెప్పడం విన్నాను. గేట్లు ఎత్తితే ఇక్కడ వాన లేకుండానే నీటిమట్టం మారుతుంది; ఆ రోజు నీటి విడుదల ఉందో లేదో కనుక్కున్నారా అని నేను ఫోనులో అడిగితే, అలాంటిదేమీ ఉండదని కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయిన జిల్లాలో నీళ్ల గురించి అంత తేలిగ్గా మాట్లాడకూడదు.

మా తమ్ముడు ఉద్యోగరీత్యా కొన్నేళ్లు స్విట్జర్లాండులో ఉన్నాడు. అక్కడ ఆల్ప్స్ కొండల్లో మైరింగెన్ ఊరి దగ్గర ఆరె నది సున్నపురాతి గుట్టను చీల్చిన కనుమ ఒకటి ఉంది. పొడవు 1,400 మీటర్లు, గోడల ఎత్తు 200 మీటర్ల దాకా, ఇరుకైన చోట వెడల్పు మీటరు మాత్రమే. 1888 నుంచే అందులో నడవడానికి గోడ వెంట బల్ల దారి వేసి ఉంచారని వాడు చెబుతుంటాడు. అది హిమానీనదాలు కరిగిన నీరు కోసిన కనుమ, అక్కడ నది వేసవిలో పొంగుతుంది. మనది వాన వస్తేనే కదిలే నది. రెండింటినీ పక్కపక్కన పెట్టి మనల్ని చిన్నబుచ్చుకోవాలని కాదు. అలాంటి బల్ల దారి ఇక్కడ వేస్తే లోయ అందం చెడుతుందేమో కూడా. కానీ కోట అంచున జనం గుమిగూడే చోట నడుము ఎత్తు కమ్మి, దిగే దారిలో బండల మీద నాలుగు రంగు గుర్తులు, ఈ రోజు నీరు ఎంత ఉందో రాసే ఒక నల్లబల్ల, వీటికి ఏ హిమానీనదమూ అవసరం లేదు. చివరి రెండూ ఈ బృందం సొంత ఖర్చుతో చేయగలిగినవే.

కోటకు వాళ్లు కేటాయించింది నలభై నిమిషాలు. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం, రంగనాథస్వామి గుడి పరుగు మీద చూపించారు. పెమ్మసాని నాయకుల ఏలుబడినీ, 1652లో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి ఇక్కడికి వచ్చిన సంగతినీ గైడ్ బాగానే చెప్పాడు. ఒకవైపు గోడ కట్టే పని నదికే వదిలేశారని అతడు అన్న మాట మాత్రం, లోయలోకి దిగి వచ్చినవారికే పూర్తిగా బోధపడుతుంది. కోట కోసమే వెళ్లేవారికి ఈ యాత్ర చాలదు. వాళ్లు విడిగా ఒక పూట పెట్టుకోవాలి.

బస గురించి ఎక్కువ రాయడానికి లేదు. గుడారాలు శుభ్రంగా ఉన్నాయి, దుప్పట్లు పలచన, రాత్రి గాలికి మేకులు రెండుసార్లు ఊడాయి. మరుగుదొడ్డి ఒకటే, దానికి దీపం లేదు. ఆడపిల్లలతో వెళ్లేవారు టార్చి తప్పక తీసుకెళ్లాలి. గుడారం పడనివారికి కోటకు ముందే పర్యాటక సంస్థ వారి హరిత హోటల్ ఉంది. భోజనానికి మాత్రం వంక పెట్టలేను. రాత్రి రాగిసంగటి, నాటుకోడి పులుసు, శాకాహారులకు గోంగూర పప్పు. పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు, పక్కన చెనిక్కాయల చట్నీ. వండింది గైడ్ వాళ్ల పిన్నమ్మ అని తరువాత తెలిసింది. ఆమె మా అమ్మాయికి సంగటి ముద్దలో గుంత చేసి నెయ్యి పోసి పెట్టింది, ఆ పిల్ల ఇంట్లో సంగటి ముట్టదు. సూర్యోదయం సంగతి ఫోనుల్లో ఇప్పటికే కావలసినంత ఉంది కాబట్టి దాటేస్తున్నాను.

రెండో రోజు బెలుం. లోయనూ గుహనూ ఒకే యాత్రలో కలపాలన్న ఆలోచన ఎవరిదో గానీ మెచ్చుకోదగినది, ఎందుకంటే ఒకే నీళ్లు రెండు రకాల రాళ్లతో రెండు రకాలుగా ఎలా పనిచేస్తాయో ఒక రోజు తేడాతో చూడవచ్చు. గండికోట రాయి నీళ్లలో కరగదు, దాన్ని రాపాడి, పగలగొట్టి దారి చేసుకోవాలి. బెలుం ఉన్నది నార్జి అని పిలిచే సున్నపురాతి పొరలో; గాలిలోంచీ మట్టిలోంచీ కాస్త ఆమ్లగుణం తెచ్చుకున్న వాననీరు పగుళ్లలో దిగి ఆ రాతిని చప్పుడు లేకుండా కరిగించుకుంటూ పోతుంది. అక్కడ లోయ పైకి తెరుచుకుని ఉంటే ఇక్కడ అది చేను కింద దాక్కుని ఉంటుంది. పైన నిలబడితే బావుల్లాంటి గుంతలు తప్ప ఏమీ కనబడదు. కిందికి దిగితే 3,229 మీటర్ల దారి. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ దీన్ని గుర్తించాడు, 1982, 1983 సంవత్సరాల్లో గెబౌర్ నాయకత్వంలో జర్మన్ బృందం లోపల తిరిగి కొలిచి పటం గీసింది, 2002లో జనానికి తెరిచారు. ఇప్పుడు ఇది నంద్యాల జిల్లా కిందికి వస్తుంది గానీ, మా వైపు వాళ్లకు ఇంకా కర్నూలు జిల్లా బెలుమే.

ఇంత మంచి ఆలోచనను ఆచరణలో గంటా పది నిమిషాలకు కుదించారు. మొదటి రోజు పోగొట్టిన రెండు గంటలు రెండో రోజు మా దగ్గరి నుంచి వసూలు చేశారన్నమాట. పాతాళగంగ దగ్గర, నీళ్లు రాతి లోపలికి జారి కనబడకుండా పోయే ఆ చోట, కనీసం పావుగంట కూర్చోవాలని నాకు ఉండింది; వాహనం డ్రైవరు అప్పటికే రెండుసార్లు గైడ్‌కు ఫోన్ చేశాడు. గుహ లోపల ఉక్కపోత ఎక్కువ, గాలి గొట్టాలు ఉన్నా చెమటకు బట్టలు తడుస్తాయి. నడివయసు దాటినవారికి నీళ్ల సీసా, నిదానం రెండూ కావాలి. ఈ బృందం నీళ్ల సీసాలు ఇచ్చింది, నిదానం ఇవ్వలేదు.

వెళ్లదలచినవారికి నాలుగు మాటలు. అడుగున పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. చెప్పులతో వచ్చిన ఇద్దరు సగం దారిలోనే వెనక్కి వెళ్లారు. పది దాటిన పిల్లలు దిగగలరు, మోకాళ్ల నొప్పులు ఉన్న పెద్దవారు దిగలేరు. రైలు మీద వచ్చేవారికి ముద్దనూరు, జమ్మలమడుగు స్టేషన్లు రెండూ అందుబాటులో ఉంటాయి. డబ్బు కట్టే ముందు లోయలో నీరు ఎంత ఉందో ఆ రోజు తీసిన ఫోటో పంపమని అడగండి, పంపకపోతే తేదీ మార్చుకోండి.

మా నడక తగ్గినందుకు కొంత డబ్బు వెనక్కి ఇవ్వాలని రాసి ఇరవై రోజులైంది, చూస్తామన్నారు. గైడ్ మాత్రం తాడిపత్రిలో మమ్మల్ని దింపేటప్పుడు నా నంబరు తీసుకున్నాడు. నీళ్లు దిగి, గుండాల దగ్గర ఇసుక తిన్నె బయటపడినప్పుడు ఫోన్ చేస్తానన్నాడు: “ఆ ఇసుక తేలినాక రాండి సార్, అప్పుడు నాలుగు కిలోమీటర్లూ నడిపిస్తా.” ఆ ఫోన్ వస్తే వెళతాము, ఈ బృందానికి డబ్బు కట్టకుండా నేరుగా అతడి దగ్గరికే.